వ్యాపార లెక్కలకు స్ప్రెడ్‌షీట్: తరచుగా అడిగే ప్రశ్నలు

కిరాణా హోల్‌సేల్, ఎరువుల షాపు, బట్టల కొట్టు, మిర్చి వ్యాపారం లాంటివి నడిపేవాళ్ళు, వాళ్ళ దగ్గర లెక్కలు రాసేవాళ్ళు స్ప్రెడ్‌షీట్ గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. స్ప్రెడ్‌షీట్ అంటే గళ్ళలో అంకెలు రాసి, ఫార్ములాలతో లెక్క తీసే ఎక్సెల్ లాంటి ప్రోగ్రాం. ఉదాహరణల్లో ఉన్న ధరలు, అద్దెలు, వడ్డీలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవే. వాటి స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి.

టాలీ ఉంది కదా, మళ్ళీ ఎక్సెల్ దేనికి?

జరిగిపోయిన లెక్కకు టాలీ (ఖాతాలు రాసే సాఫ్ట్‌వేర్) చాలు. ఏ పార్టీకి ఎంత బిల్లు చేశారు, బ్యాంకులో ఎంత ఉంది, జీఎస్టీ ఎంత కట్టాలి అన్నవి అందులోనే చూసుకోండి. వాటినే మళ్ళీ ఎక్సెల్‌లో కొట్టడం రెండింతల చాకిరీ. పైగా రెండు చోట్లా రెండు రకాల అంకెలు తేలి, ఏది నిజమో తెలియక తలనొప్పి.

స్ప్రెడ్‌షీట్ అవసరం పడేది ఇంకా జరగని వాటికి. కంపెనీ 2 శాతం అదనంగా తగ్గిస్తానంటోంది కానీ నెల అరువు తీసేస్తానంటోంది, ఒప్పుకోవాలా? రెండో బ్రాంచి తెరిస్తే అద్దె ఎన్ని నెలలకు గిట్టుబాటవుతుంది? ఇలాంటి ప్రశ్నలకు టాలీలో జవాబు దొరకదు. అసలు పర్సనల్ కంప్యూటర్ మీద మొదటి స్ప్రెడ్‌షీట్ పుట్టిందే ఇందుకోసం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్, బోర్డు మీది లెక్కలో ఒక్క అంకె మారితే దాని కిందవన్నీ చెరిపి మళ్ళీ రాయాల్సి రావడం గమనించాడు. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం విసికాల్క్ తెచ్చాడు. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ వచ్చింది ఆ తర్వాత ఆరేళ్ళకు.

ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్: వీటిలో ఏది నేర్చుకోవాలి?

మీ ఆఫీసు కంప్యూటర్‌లో ఏది ఉంటే అది. ఒకదానిలో పని వస్తే మిగతా రెండూ వచ్చినట్టే. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే లిబ్రేఆఫీస్ కాల్క్ పూర్తిగా ఉచితం. ఇద్దరు ముగ్గురు ఒకే షీట్‌లో వేర్వేరు చోట్ల నుంచి రాయాలంటే గూగుల్ షీట్స్ హాయి. ఫోన్‌లో మాత్రం నేర్చుకోవద్దు. ఫోన్ చూసుకోవడానికి పనికొస్తుంది గానీ షీట్ తయారు చేయడానికి పనికిరాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్ని ఫార్ములాలు వస్తే చాలు?

"101 ఎక్సెల్ ఫార్ములాలు" లాంటి జాబితాలు బట్టీ పట్టడం శుద్ధ దండగ. ఈ నెలలో మీకు నిద్ర పట్టనివ్వని లెక్క ఒకటి పట్టుకోండి. బాకీలా, స్టాకా, లాభమా? దాని కోసం ఎంత కావాలో అంతే నేర్చుకోండి. అది తెగిన తర్వాత రెండోది.

అలా పోతే మామూలు కొట్టుకు అవసరమయ్యేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: కూడికకు సమ్, షరతు పెట్టి కూడడానికి సమ్‌ఇఫ్స్, ఒక పట్టికలోంచి ధరో పేరో వెతికి తేవడానికి ఎక్స్‌లుకప్ (పాత ఎక్సెల్ అయితే వీలుకప్), ఇలా ఉంటే ఇది, లేకపోతే అది అనడానికి ఇఫ్, ఈరోజు తేదీకి టుడే. వీటితో పాటు ఫిల్టర్, పివట్ టేబుల్ (లైన్లను గుంపులుగా కూడి పట్టిక వేసేది). డాలర్ గుర్తు ఎందుకు పెడతారో కూడా మొదట్లోనే అర్థం చేసుకోండి. ఫార్ములాను కిందికి లాగినప్పుడు అందులోని సెల్ (గడి) కూడా కిందికి జరిగిపోకుండా ఆపేది అదే. ఎఫ్4 నొక్కితే పడుతుంది. జవాబులు తప్పొస్తున్నాయని వచ్చే కొత్తవాళ్ళ షీట్ తెరిస్తే చాలాసార్లు కనిపించేది ఈ డాలర్ లేకపోవడమే.

షీట్ ఎలా వేసుకోవాలి? మాది చూడ్డానికి బాగుంటుంది కానీ లెక్క తేలదు.

చూడ్డానికి బాగుండడమే అక్కడ చిక్కు. నెలకో షీట్, పార్టీకో షీట్, మధ్యలో రంగు గీతలు, పది లైన్లకోసారి "మొత్తం", పైన రెండు మూడు సెల్స్ కలిపేసిన పెద్ద హెడ్డింగు. కాగితం మీద ఇది బాగుంటుంది. కంప్యూటర్‌కు మాత్రం ఏది సరుకో, ఏది మొత్తమో తెలియదు.

పాత కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. చిట్టాలో ఆ రోజు ఏది ముందు జరిగితే అది, వరుసగా. ఆవర్జాలో అదే లెక్క పార్టీల వారీగా విడదీసి. మీరు రాయాల్సింది చిట్టా ఒక్కటే. ఒక లావాదేవీకి ఒక లైను: తేదీ, బిల్లు నంబరు, పార్టీ, ఊరు, సరుకు, పరిమాణం, ధర, మొత్తం. ఏడాది పొడుగునా ఒకే షీట్. మధ్యలో ఖాళీ లైను వద్దు, మొత్తం లైను వద్దు, సెల్స్ కలపొద్దు. "25 బస్తాలు" అని ఒకే సెల్‌లో కొట్టొద్దు. 25 ఒక కాలమ్‌లో, బస్తా అన్నది పక్క కాలమ్‌లో. లేకపోతే అది అంకె కాకుండా పోతుంది, కూడిక రాదు.

ఆవర్జాను పివట్ టేబుల్ రాసిపెడుతుంది. పార్టీని ఎడమ పక్కకు, నెలను పైకి, మొత్తాన్ని మధ్యలోకి లాగితే ఏ పార్టీ ఏ నెలలో ఎంత కొన్నదో వచ్చేస్తుంది. పార్టీ తీసేసి సరుకు పెడితే సరుకుల వారీ, ఊరు పెడితే ఊళ్ళ వారీ. ఒకే చిట్టా, ఎన్ని ఆవర్జాలైనా. చిట్టా మీద నిలబడి కంట్రోల్ + టి నొక్కి దాన్ని టేబుల్‌గా మార్చుకుంటే, రేపు రాసే లైను కూడా దానంతటదే లెక్కలోకి వస్తుంది. కొత్త లైన్లు రాశాక పివట్ మీద రిఫ్రెష్ నొక్కడం మరిచిపోకండి.

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. షీట్ సరిగ్గా వేసుకుంటే ఫార్ములాలు సగం అక్కర్లేదు. తప్పుగా వేస్తే ఎంత పెద్ద ఫార్ములా వచ్చినా ఉపయోగం లేదు.

పేర్లు తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు. తెలుగు పేర్లను వెతకడం, వరుసలో పెట్టడం, కూడడం అన్నీ చేస్తుంది. ఫార్ములా పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. భాష ఏదైనా ఒక పార్టీకి ఒకే స్పెల్లింగు ఉండాలి. "శ్రీనివాస ట్రేడర్స్", "శ్రీనివాసా ట్రేడర్స్", చివర్లో ఒక స్పేస్ పడ్డ "శ్రీనివాస ట్రేడర్స్ " మనకు ఒకరే, ఎక్సెల్‌కు ముగ్గురు. పార్టీల జాబితా వేరే షీట్‌లో పెట్టి, డేటా వ్యాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్ (జాబితాలోంచే ఎంచుకునే గడి) ఇస్తే ఈ గొడవ మొదట్లోనే ఆగిపోతుంది. ఇప్పటికే పడ్డ స్పేస్‌లను ట్రిమ్ ఫార్ములా తీసేస్తుంది.

ఎవరు ఎంత బాకీ, ఎన్ని రోజులుగా బాకీ అన్నది ఎలా తీయాలి?

బిల్లుకు బిల్లు కట్టే పార్టీలైతే సులువు. బిల్లు మొత్తంలోంచి వసూలైంది తీసేస్తే బాకీ. ఈరోజు తేదీలోంచి బిల్లు తేదీ తీసేస్తే రోజులు. ఆ రోజులను 30 లోపు, 31–60, 61–90, 90 పైన అని విడగొట్టి పివట్ వేస్తే పని అయిపోతుంది.

కానీ మన దగ్గర ఎంతమంది అలా కడతారు? "ప్రస్తుతానికి 18 వేలు జమ చేసుకోండి" అని పంపేస్తారు. అది ఏ బిల్లుకో వాళ్ళకీ తెలియదు, మనకీ తెలియదు. అప్పుడు పాత బిల్లు ముందు తీరినట్టు లెక్క వేసుకోవాలి. దీనికో చిన్న ఉపాయం ఉంది.

ఒక పార్టీకి వరుసగా మూడు బిల్లులు: 10,000, 20,000, 15,000. ఇప్పటిదాకా వచ్చిన జమ 18,000. బిల్లుల పక్కన ఒక కాలమ్‌లో అక్కడిదాకా మొత్తం రాయండి: 10,000, 30,000, 45,000. ఒక్కోదాంట్లోంచి జమ 18,000 తీసేయండి: మైనస్ 8,000, 12,000, 27,000. మైనస్ వస్తే ఆ బిల్లు తీరిపోయింది, బాకీ సున్నా. వచ్చిన అంకె బిల్లు కంటే ఎక్కువైతే బిల్లు మొత్తమే బాకీ. అంటే మొదటిది 0, రెండోది 12,000, మూడోది 15,000. కూడితే 27,000. మొత్తం బిల్లులు 45,000లోంచి జమ 18,000 తీసేసినా అదే. ఫార్ములాలో మ్యాక్స్ (పెద్దది తెచ్చేది), మిన్ (చిన్నది తెచ్చేది) రెండూ కలిపి వాడితే ఇది ఒక్క సెల్‌లో అయిపోతుంది. పార్టీల వారీ జమను సమ్‌ఇఫ్స్ తెచ్చిపెడుతుంది.

ఈ పట్టిక చేతికొచ్చాక చూడాల్సింది పెద్ద బాకీ ఒక్కటే కాదు. రెండు లక్షల బాకీ ఉన్నా అంతా 30 రోజుల లోపుదైతే ఆ పార్టీ మంచి పార్టీయే. 25 వేలే ఉన్నా అది 90 రోజులు దాటి, వాళ్ళు కొత్త సరుకు కూడా తీసుకోవడం మానేశారంటే ముందు ఫోన్ చేయాల్సింది అక్కడికి. చివరి బిల్లు తేదీ కాలమ్ కూడా పక్కన పెట్టుకోండి.

20 శాతం వేసుకుని అమ్ముతున్నా, లాభం అంత కనిపించదేం?

వందకు కొన్నది 120కి అమ్మితే కొన్న ధర మీద 20 శాతం. అమ్మిన ధర మీద చూస్తే 120లో 20, అంటే 16.67 శాతమే. అమ్మకం మీద 20 శాతం మిగలాలంటే 125కి అమ్మాలి. షీట్‌లో రెండు కాలమ్‌లూ పెట్టి, ఏది దేని మీదో హెడ్డింగులో రాయండి.

డిస్కౌంటు సంగతి ఇంకా ఘాటు. 120 మీద "పది శాతమే కదా" అని తగ్గిస్తే 108. లాభం 20 నుంచి 8కి పడింది. కస్టమర్‌కు ఇచ్చింది పది శాతం, మీ లాభంలో పోయింది 60 శాతం.

ఎమ్మార్పీలోంచి జీఎస్టీ తీసేటప్పుడూ ఇదే పొరపాటు జరుగుతుంది. 18 శాతం పన్ను కలిసిన 118 రూపాయల సరుకులో అసలు ధర కావాలంటే 1.18తో భాగించాలి, 100 వస్తుంది. 118లో 18 శాతం తీసేస్తే 96.76 వస్తుంది, అది తప్పు.

మిర్చి ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? ఇది షీట్‌లో తేలుతుందా?

ధర పెరుగుతుందో లేదో షీట్ చెప్పదు. ఎంత పెరిగితే పెట్టినందుకు గిట్టుబాటో చెబుతుంది. గుంటూరు యార్డు చుట్టుపక్కల ఈ లెక్క నోటితో వేసేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళలో వడ్డీ, తరుగు రెండూ కలిపేవాళ్ళు తక్కువ.

షీట్ పైభాగంలో అంకెలు మాత్రమే రాయండి, ఒక్కో అంకెకు ఒక్కో సెల్. టిక్కీలు (మిర్చి బస్తాలు) 200. ఒక్కో టిక్కీ 40 కిలోలు. నేటి ధర క్వింటా 14,000. ఆగే నెలలు 6. వడ్డీ నూటికి నెలకు రూపాయిన్నర. కోల్డ్ స్టోరేజీ అద్దె టిక్కీకి 200. తరుగు 2 శాతం. కింద భాగంలో అన్నీ ఫార్ములాలే, అక్కడ చేత్తో ఒక్క అంకె కూడా కొట్టకూడదు.

సరుకు 80 క్వింటాళ్ళు, ఇప్పుడే అమ్మితే 11,20,000 చేతికొస్తుంది. దాని మీద ఆరు నెలల వడ్డీ 1,00,800. అద్దె 40,000. మొత్తం 12,60,800. అమ్మే రోజుకు తరుగు పోగా మిగిలేది 78.4 క్వింటాళ్ళు. భాగిస్తే క్వింటా 16,082. అంటే ఆరు నెలల తర్వాత 16,000కి అమ్మినవాడు "రెండు వేలు ఎక్కువకి అమ్మా" అని సంబరపడొచ్చు గానీ నిజానికి కాస్త నష్టపోయాడు.

ఇక పైన ఒక్కో అంకె మార్చి చూడండి. రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి 18 శాతం. అదే సరుకు మీద బ్యాంకు ఏడాదికి 9 శాతానికి ఇస్తే గిట్టుబాటు ధర 15,439కి దిగుతుంది. అమ్మకం ధరలు 12,000 నుంచి 18,000 దాకా ఒక కాలమ్‌లో రాసి, ఎదురుగా లాభనష్టాలు తెప్పించండి. మొదటి రూపాయిన్నర వడ్డీతోనే చూస్తే, 18,000 అయితే 1,50,400 లాభం, 12,000 అయితే 3,20,000 నష్టం. ఇంత నష్టం తట్టుకోగలమా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. కనీసం మాట్లాడుకోవడానికి అంకె ఉంటుంది.

"డబ్బు నా సొంతం, వడ్డీ ఎందుకు లెక్కేయాలి?" అని కొందరంటారు. వేయాల్సిందే. ఆ 11 లక్షలతో వేరే అప్పు తీర్చుకునేవారు, లేదా బ్యాంకులో వేసుకునేవారు. ఆ రాబడి పోతోంది కదా.

పెద్ద లెక్కల్లో గిట్టుబాటు అంకెను తిరగేసి కనుక్కోవాలంటే డేటా మెనూలో వాట్-ఇఫ్ ఎనాలిసిస్ కింద గోల్ సీక్ ఉంది. లాభం సున్నా కావాలి, ధర ఎంత ఉండాలి అని అడిగితే అదే వెతికి పెడుతుంది.

జీఎస్టీ 2బితో మా కొనుగోళ్ళు సరిచూసుకోవడం ఎలా?

జీఎస్‌టీఆర్-2బి (సప్లయర్లు తమ రిటర్నుల్లో చూపిన మీ కొనుగోళ్ళ పట్టిక) ప్రతి నెలా 14న తయారవుతుంది, పోర్టల్ నుంచి ఎక్సెల్ ఫైలుగానే దిగుతుంది. నెలనెలా 3బి (పన్ను కట్టే రిటర్ను) వేసేవాళ్ళకు గడువు 20. ఈ మధ్యలోనే టెన్షనంతా.

బిల్లు నంబరుతో కలపబోతే కుదరదు. మీ పుస్తకంలో 125 అని ఉంటుంది, పోర్టల్‌లో ముందు అక్షరాలు, ఏడాది, సున్నాలు కలిపి పొడుగ్గా ఉంటుంది. కాబట్టి ముందు సప్లయర్ జీఎస్టీ నంబరు, పన్ను మొత్తం రెండూ కలిపి కౌంట్‌ఇఫ్స్‌తో (షరతులకు సరిపోయే లైన్లు లెక్కపెట్టేది) చూడండి. పైసలు, రూపాయి తేడాలుంటాయి కనుక పన్నును రౌండ్ చేసి పోల్చండి. చాలా భాగం అక్కడే కలిసిపోతాయి. మిగిలినవాటిని బిల్లు తేదీ చూసి చేత్తో కలుపుకోవచ్చు.

రెండిటిలోనూ ఉన్నవి, మన పుస్తకంలోనే ఉన్నవి, 2బిలోనే ఉన్నవి అని మూడు కుప్పలు తేలతాయి. రెండో కుప్పలోవాళ్ళకు ఫోన్ చేయాలి: రిటర్ను వేయలేదా, ఆలస్యంగా వేశారా, వేరేవాళ్ళ నంబరు మీద వేశారా? మూడో కుప్పను వదిలేయొద్దు. మీ గుమస్తా ఎంట్రీ వేయడం మరిచిపోయిన బిల్లులు అందులోనే ఉంటాయి. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి, మొదటి రెండూ రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. లెన్ ఫార్ములాతో 15 ఉన్నాయో లేదో ముందే చూసుకుంటే కొన్ని తప్పులు దొరుకుతాయి. సున్నాకు బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం కొట్టినవి మాత్రం ఇలా దొరకవు.

తేదీలు తారుమారవుతున్నాయి, నంబర్లలో ముందు సున్నా పోతోంది. ఎందుకు?

కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే ముందు నెల, తర్వాత రోజు అనుకుంటుంది. 03/04/2025 అని కొడితే మనకు ఏప్రిల్ 3, దానికి మార్చి 4. 13వ తారీఖు నుంచి 13వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోదు, ఉత్త అక్షరాలుగా ఉంచేస్తుంది. అందుకే నెలలో సగం తేదీలు సెల్‌కు కుడి పక్కకు, సగం ఎడమ పక్కకు ఉంటే అనుమానించండి. విండోస్‌లో రీజియన్‌ను ఇంగ్లిష్ (ఇండియా)కు మార్చండి. గూగుల్ షీట్స్‌లో సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియా పెట్టండి. లక్షలు, కోట్ల కామాలు కూడా దీంతోనే సరిపడతాయి.

పప్పుల హెచ్ఎస్ఎన్ (జీఎస్టీలో సరుకుకు ఇచ్చే కోడ్) 0713 అని కొడితే 713 అయిపోతుంది. 16 అంకెల నంబరు కొడితే ఇంకా ప్రమాదం. ఎక్సెల్ 15 అంకెలే గుర్తుంచుకుంటుంది, 16వది సున్నా చేసేస్తుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. కూడిక, తీసివేతలు చేయని నంబర్లు ఏవైనా (ఖాతా నంబర్లు, ఫోన్లు, కోడ్‌లు) కొట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. కొట్టాక మారిస్తే పోయినవి తిరిగి రావు.

షీట్‌లో తప్పుందని ఎలా పట్టుకోవాలి?

ఎర్రర్ చూపించే తప్పు మంచి తప్పు, కనీసం కనిపిస్తుంది. కూడిక 50వ లైను దాకా ఉండి, సరుకు 58వ లైను దాకా ఉంటే ఎక్సెల్ నోరు మెదపదు. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ప్రసిద్ధ ఆర్థికవేత్తలు ప్రభుత్వ అప్పుల మీద 2010లో రాసిన పత్రంలో జరిగిందిదే. సగటు ఫార్ములాలో ఐదు దేశాలు బయటే ఉండిపోయాయి. థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్ళ షీట్ తెప్పించుకుని చూస్తే 2013లో బయటపడింది. బ్రిటన్‌లో 2020లో దాదాపు 16 వేల కొవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 లైన్ల కంటే ఎక్కువ పట్టవు, మిగతావి రాలిపోయాయి. ఇప్పటి ఫార్మాట్‌లో 10,48,576 లైన్లు పడతాయి.

ఒకే మొత్తాన్ని రెండు దారుల్లో తీయడం అలవాటు చేసుకోండి. చిట్టా మొత్తం ఒక సెల్‌లో, పివట్ మొత్తం ఒక సెల్‌లో, తేడా మూడో సెల్‌లో. తేడా సున్నా కాకపోతే ఎర్రగా మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. టాలీ మొత్తంతోనూ నెలకోసారి పోల్చండి. ఇంకొకటి, ఇఫ్ఎర్రర్ పెట్టి తప్పులన్నిటినీ సున్నాలుగా మార్చే అలవాటు వద్దు. ధర దొరకని సరుకు సున్నా రూపాయలకు అమ్మినట్టు తేలుతుంది.

ఏఐని అడిగితే ఫార్ములా రాసిస్తోంది కదా, ఇంకా నేర్చుకోవడం దేనికి?

అడగండి, బాగానే రాస్తుంది. ఫార్ములా గుర్తుపెట్టుకునే శ్రమ తగ్గింది, మంచిదే. కానీ పైన చెప్పిన జమల లెక్కలో పాత బిల్లు ముందు తీరాలన్నది మీరు చెప్పాలి. చెప్పకపోతే అది తనకు తోచింది వేస్తుంది. జవాబు వచ్చాక రెండు మూడు లైన్లు కాల్‌క్యులేటర్‌తో వేసి చూడండి, ముఖ్యంగా జమ సున్నా ఉన్న పార్టీ, ఎక్కువ కట్టేసిన పార్టీ. పార్టీల పేర్లు, ఫోన్లు ఉన్న అసలు ఫైలు ఇవ్వకుండా నాలుగు ఉత్తుత్తి లైన్లు రాసి అడగండి.

కోర్సు చేయాలా?

అక్కర్లేదనే నా అభిప్రాయం. ఇన్‌స్టిట్యూట్‌లో చేరినా మీ సొంత లెక్క తీసుకెళ్ళి దాని మీద నేర్పమనండి. ఇంట్లో నేర్చుకోవాలంటే ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ సైట్‌లో లిబ్రేఆఫీస్ కాల్క్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. రోజూ కాసేపు మీ చిట్టా మీదే పని చేస్తే బాకీల పట్టిక దాకా రావడానికి పెద్దగా సమయం పట్టదు.

షీట్ గుమస్తా చేతికి ఇవ్వొచ్చా? ఎప్పుడు దీన్ని వదిలేసి సాఫ్ట్‌వేర్‌కు మారాలి?

ఇవ్వొచ్చు. రాయాల్సిన సెల్స్ వదిలి మిగతావి ప్రొటెక్ట్ చేయండి. అది ఫార్ములా పొరపాటున చెరిగిపోకుండా కాపాడుతుందే తప్ప తాళం కాదు, తెలిసినవాళ్ళు తీసేయగలరు. మీ లాభాల శాతం ఎవరూ చూడకూడదంటే ఆ షీట్‌ను వేరే ఫైలులో పెట్టి, ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ పెట్టండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ అసలైనది" అని పేర్లు పెట్టకుండా తేదీ పెట్టి దాచుకోండి.

ఇద్దరి కంటే ఎక్కువమంది రోజంతా రాయాల్సి వస్తున్నా, స్టాకు బిల్లుతో పాటే తగ్గాల్సిన అవసరం ఉన్నా, ఎవరు ఏ లైను మార్చారో తెలియాల్సి వచ్చినా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోండి. రోజువారీ ఎంట్రీలు అందులో వేసి, నెలాఖరుకు ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే మీ పివట్, బాకీల పట్టిక ఎప్పటిలాగే పని చేస్తాయి. సాఫ్ట్‌వేర్ కొనేముందు ఎక్స్‌పోర్ట్‌లో పైన చెప్పినట్టు ఒక బిల్లు లైనుకు ఒక లైను వస్తుందో లేదో డెమోలోనే చేయించి చూడండి. కొన్నింటిలో పార్టీ పేరు మొదటి లైనులో మాత్రమే వచ్చి కింద ఖాళీగా ఉంటుంది, దాన్ని ప్రతి నెలా మీరే నింపుకోవాల్సి వస్తుంది.